బొమ్మల కొలువు ముందరి నేల: తిరుపతి – ఏర్పేడు ప్రాంతపు సూక్ష్మ భూదృశ్య కల్పన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

దసరా బొమ్మల కొలువులో మెట్లమీది బొమ్మలకు దక్కిన శ్రద్ధ, మెట్ల ముందు నేలమీద మట్టితో, మొలకలతో, అద్దంతో కట్టే కొండ, చెరువు, ఊరు అనే దృశ్యానికి దక్కలేదు. పాశ్చాత్య దేశాల్లో డయొరామా, మోడల్ రైల్వే వంటి అభిరుచులకు ఏర్పడిన ‘ఒకే నిష్పత్తి’ నియమంతో చూస్తే ఈ నేల లోపభూయిష్ఠంగా కనిపిస్తుంది. తిరుమల కొండకు దగ్గరగా ఉన్న ఏర్పేడు పరిసరాలను ఆధారంగా తీసుకుని, ఈ దృశ్యకల్పనకు సొంత నిష్పత్తి నియమం, సొంత కాలగతి ఉన్నాయని, వాటిని గుర్తించకుండా దీనిని కేవలం ఆచారంగా వర్గీకరించడం విమర్శలోని లోపమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బొమ్మల కొలువు, సూక్ష్మ భూదృశ్యం, డయొరామా, నిష్పత్తి, మొలకలు, వస్తుసంస్కృతి, ఏర్పేడు.

1. ప్రవేశిక:

కోస్తా జిల్లాల్లో బొమ్మల కొలువు ప్రధానంగా సంక్రాంతి వేడుక. రాయలసీమ దక్షిణాన, తమిళ ప్రాంతానికి ఆనుకుని ఉన్న తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో అది దసరా నవరాత్రుల వేడుక. బేసి సంఖ్యలో మెట్లు కట్టి, తెల్లని వస్త్రం పరచి, పై మెట్టున దేవతామూర్తులను, కింది మెట్లలో పురాణ ఘట్టాలను, అడుగున లోకవ్యవహారాన్ని చూపే బొమ్మలను అమర్చడం అందరికీ తెలిసినదే. అంతటితో కొలువు ముగియదు. మెట్ల ముందు నాలుగైదు అడుగుల నేల మిగులుతుంది. అక్కడ తడిమట్టి పోసి, నలిపిన ముదురు కాగితంతో కొండ నిలిపి, రంగు అద్దిన రంపపు పొట్టు చల్లి, అద్దం పరచి చెరువు చేసి, ఆవాలు, మెంతులు, రాగులు మొలిపించి పైరు చేస్తారు. దారులు తీస్తారు. సంత, గుడి, బావి, రైలుకట్ట వెలుస్తాయి.

జానపద విజ్ఞానాన్ని మౌఖిక సాహిత్యం, వస్తుసంస్కృతి, సాంఘిక జానపద ఆచారం, ప్రదర్శన కళలు అని నాలుగుగా విభజించిన రిచర్డ్ డార్సన్ వర్గీకరణ (1972) తెలుగు పరిశోధనలోనూ బాగా స్థిరపడింది. ఈ చట్రంలో కొలువు రెండుగా చీలిపోతుంది. బొమ్మ వస్తుసంస్కృతి కిందికి వెళ్తుంది. కనుక కొండపల్లి తెల్లపొణికి కర్ర గురించి, ఏటికొప్పాక లక్క గురించి వివరాలు దొరుకుతాయి. పేరంటం, పాటలు, వాయనం సాంఘిక ఆచారం కిందికి వెళ్తాయి. నేల మాత్రం ఏ గడిలోనూ ఇమడదు. అది కొన్న వస్తువు కాదు, దాచుకునే వస్తువూ కాదు. పాడే పాటా కాదు. పదకొండవ నాటికి ఉండదు. వర్గీకరణలో చోటు లేని దానిని పరిశోధకుడు చూడకపోవడంలో ఆశ్చర్యం లేదు కాని, చూడకపోవడం వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు.

2. ‘కొలువు’ – సభ, దాని రాజ్యం:

కొలువు అనే మాటకు సభ, దర్బారు అని ఒక అర్థం. సేవ, ఉద్యోగం అని మరొక అర్థం. తిరుమల ఆలయంలో తోమాలసేవ అనంతరం స్నపన మండపంలో జరిగే నిత్యకార్యక్రమానికి కూడా ‘కొలువు’ అనే పేరు. కొలువు శ్రీనివాసమూర్తిని ఆసీనుని చేసి, పంచాంగం వినిపించి, ముందునాటి ఆలయ ఆదాయాన్ని విన్నవిస్తారు. అంటే ఆ సభలో దేవుడు ప్రభువుగా కూర్చుని తన రాజ్యపు సమాచారం వింటాడు. సభ ఉన్న చోట, సభ ఎవరి కోసం తీరిందో ఆ నేల కూడా ఉండాలి.

ఇంటి కొలువులో మెట్లు సభ అయితే, మెట్ల ముందరి మట్టి దాని రాజ్యం. ఈ కోణంలో చూస్తే నేల అలంకారమాత్రం కాదు, కొలువు అనే భావానికి రెండవ సగం. మెట్లమీద ఉన్నవి చాలావరకు ఏ ఊరిలోనైనా ఒకటే. దశావతారాలు కాంచీపురంలో ఎలా ఉంటాయో ఏర్పేడులోనూ అలాగే ఉంటాయి. తేడా కనిపించేది నేలమీదే. కట్టేవారు తమ కంటికి ఆనే కొండను, తాము దాటే ఏటిని, తాము ఎక్కే రైలును అక్కడ పెట్టగలరు.

ఏర్పేడు విషయంలో ఈ అవకాశం మరీ విస్తృతం. పడమట శేషాచల శ్రేణి, సమీపంలో స్వర్ణముఖి నది, రేణిగుంట – గూడూరు రైలుమార్గం, ఒకవైపు శ్రీకాళహస్తి, మరొకవైపు తిరుపతి. మండలంలోనే గుడిమల్లం పరశురామేశ్వరాలయం, కొయ్యశిల్పానికి పేరుపొందిన మాధవమాల గ్రామం. 1926లో మలయాళస్వామి నెలకొల్పిన వ్యాసాశ్రమం ఇక్కడిదే. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ సంస్థల ప్రాంగణాలూ నేడు ఇక్కడే. ఇన్ని కాలాలు ఒకే చూపులో పడే నేలను చిన్నదిగా కట్టాలంటే ఏది ఉంచాలి, ఏది వదలాలి అనే నిర్ణయం తప్పదు. ఆ నిర్ణయమే విమర్శకు ముడిసరుకు.

3. కొండను ఎంతకు కుదించాలి?

నమూనాల తయారీని అభిరుచిగా పెంచిన పాశ్చాత్య సంప్రదాయంలో మొదటి ప్రశ్న నిష్పత్తి. మోడల్ రైల్వేలలో ఎక్కువగా వాడే ‘హెచ్‌ఓ’ స్థాయి 1:87. జర్మనీలోని హాంబర్గ్‌లో 2001లో ప్రారంభమైన మినియటూర్ వుండర్‌లాండ్ ఈ స్థాయిలోనే ఉంది. సైనిక దృశ్యాలకు 1:35, విమానాలకు 1:72 వాడుకలో ఉన్నాయి. ఒకసారి నిష్పత్తి ఎంచుకుంటే మనిషి, చెట్టు, ఇల్లు, రాయి అన్నీ దానికి లొంగాలి. లొంగకపోతే అది తప్పు.

ఈ నియమాన్ని తిరుమలకు అన్వయిస్తే ఏమవుతుంది? తిరుమల తిరుపతి కంటే దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. 1:87లో కట్టినా కొండ ఎనిమిది మీటర్లు అవుతుంది. అలిపిరి కాలిబాట సుమారు తొమ్మిది కిలోమీటర్లు. అదే నిష్పత్తిలో అది నూరు మీటర్లకు మించుతుంది. ఏ ఇంటి వసారాకూ సాధ్యం కాదు. కొలువులో కొండ సాధారణంగా రెండడుగులు. అంటే నిష్పత్తి 1:1,100కు పైమాటే. ఆ లెక్కన మెట్లెక్కే భక్తుడు మిల్లీమీటరున్నర ఉండాలి, ఆవగింజంత. కాని కొలువు కొండమీద ఎక్కే బొమ్మ బొటనవేలంత, దాదాపు ఐదు సెంటీమీటర్లు. దాని నిష్పత్తి 1:33. కొండకు, కొండనెక్కే మనిషికి మధ్య ముప్పై అయిదు రెట్ల తేడా. సుమారు 3,550 మెట్లు ఇరవై అట్టముక్కలవుతాయి.

దీనిని చేతకానితనం అనడం సులభం. అయితే ఆవగింజంత భక్తుడు ఉన్న కొండ భౌగోళిక పటం మాత్రమే అవుతుంది. అందులో ఎక్కడం అనే క్రియ కనిపించదు. కొలువు కట్టేవారికి కావలసింది కొండ ఎత్తు కాదు, మనిషి కొండనెక్కడం. అందుకోసం మనిషి ముఖం కనిపించాలి, తలమీది మూట కనిపించాలి; కొండ కూడా ఒక్క చూపులో మొత్తంగా అందాలి. రెండూ కావాలంటే ఒకే నిష్పత్తి సాధ్యపడదు. క్లాడ్ లెవీ-స్ట్రాస్ 1962 నాటి తన గ్రంథంలో సూక్ష్మరూపాల గురించి చెబుతూ, కుదింపు వల్ల భాగాలకంటే ముందు సమగ్రరూపం మనసుకు అందుతుందని వాదించాడు. కొలువు కొండ ఆ వాదానికి లొంగుతూనే ఒక సవరణ కోరుతుంది: ఇక్కడ సమగ్రం కుదిరింది గాని, భాగం కుదించబడడానికి నిరాకరించింది.

4. తలకిందులైన దూరం:

డయొరామా అనే పేరు మొదట సూక్ష్మరూపానిది కాదు. 1822లో పారిస్‌లో డాగేర్, బూటాన్ ప్రారంభించిన డయొరామా, వెలుతురు మార్పులతో పగలు రాత్రిగా కనిపించే బృహత్తర వస్త్రచిత్రం. తర్వాత మ్యూజియంలు ఈ పేరును త్రిపరిమాణ దృశ్యాలకు తీసుకున్నాయి. 1890లో మిల్వాకీలో కార్ల్ ఏక్లీ నీటి ఎలుకల దృశ్యాన్ని వాటి సహజ ఆవరణంతో సహా నిర్మించాడు. ఈ పరంపర అంతటిలోనూ సాధించదలచింది ఒకటే: లోతు. ముందున్నది పెద్దది, వెనుకది చిన్నది, చివర చిత్రించిన ఆకాశం.

కొలువులో ఇది తలకిందులు. చూసేవారి పాదాల దగ్గర ఉన్నవి అతి చిన్న బొమ్మలు. పైకి, వెనక్కి పోయేకొద్దీ బొమ్మ పెరుగుతుంది. పై మెట్టు దేవతామూర్తి అన్నిటికంటే పెద్దది. అందువల్ల దూరం అనే భ్రమ పుట్టదు. వెనుక ఉన్నది వెనక్కి తగ్గక, చూసేవారి మీదికి వస్తుంది. ఈ అమరికకు ఈ ప్రాంతపు దృశ్యకళలో సామ్యాలు దొరుకుతాయి. శ్రీకాళహస్తి కలంకారీ తెరలలో నడుమ దేవతామూర్తి పెద్దగా నిలిస్తే, కథాఘట్టాలు చుట్టూ చిన్న గళ్లలో సాగుతాయి. గుడిమల్లం లింగంమీద నిలిచిన శివుని పాదాల కింద యక్షుడు కుదించుకుని ఉంటాడు. ఇవి కొలువుకు మూలాలని చెప్పడం తొందరపాటు. పరిమాణాన్ని దూరం నిర్ణయించదు, స్థానం నిర్ణయిస్తుంది అనే చూపు ఇక్కడి కంటికి కొత్తది కాదని మాత్రం చెప్పవచ్చు.

పోలికకు ఇటలీలోని నేపుల్స్ నగరపు క్రీస్తు జననదృశ్యం ఉపకరిస్తుంది. పద్దెనిమిదవ శతాబ్దిలో రాజాశ్రయంతో వికసించిన ఆ సంప్రదాయంలో బెత్లెహేము ఊరు నేపుల్స్ వీధిగా మారుతుంది. చేపలమ్మేవారు, పూటకూళ్ల ఇల్లు, బిచ్చగాళ్లు శిశువు చుట్టూ కిక్కిరిసి ఉంటారు. అక్కడా మతాచారమే, అక్కడా ఇంటింటి శ్రమే. కాని 1879లో కుచినియెల్లో సమర్పించిన సముదాయం సాన్ మార్తీనో మ్యూజియంలో శాశ్వతంగా నిలిచింది; ఆ కల్పనను నగరం తన ముఖాన్ని తాను చూసుకున్న అద్దంగా చదివిన విమర్శ కూడా నిలిచింది. ఆచారమైనంత మాత్రాన కళగా చదవడానికి అడ్డు లేదని ఆ ఉదాహరణ చూపుతుంది. ఒక్క భేదం ఉంది: నేపుల్స్ కళాకారులు దూరపు బొమ్మలను చిన్నవిగా చేసి లోతు సాధించారు. కొలువు ఆ దారి పట్టలేదు.

5. గట్టు:

నిష్పత్తి స్వేచ్ఛ ఉన్నదని ఒప్పుకుంటే, ఏ కొలువైనా బాగున్నట్లేనా? కాదు. ఇక్కడే సంప్రదాయాభిమానం విమర్శకు అడ్డు వస్తుంది. పాతదంతా అర్థవంతమని, ప్లాస్టిక్ కారు కనిపిస్తే అపచారమని అనడం విమర్శ కాదు.

జాగ్రత్తగా చూస్తే కొలువు నేలలో ఒక నియమం పనిచేస్తుంది. ఒక ఘట్టం లోపల నిష్పత్తి నిలుస్తుంది. ఘట్టానికి, ఘట్టానికి మధ్య అది మారుతుంది. సంతలో తక్కెడ పట్టిన మనిషి, అతని ముందు కూరగాయల గంప ఒకదానికొకటి కుదరాలి. ఎద్దుకంటే కోడి పెద్దదైతే పేరంటానికి వచ్చిన పిల్లలు కూడా నవ్వుతారు. అదే కోడి పక్కఘట్టంలోని రైలుకంటే ఎత్తుగా ఉన్నా ఎవరికీ అభ్యంతరం ఉండదు. రెండు ఘట్టాల నడుమ ఒక గట్టో, కాలువో, దారో ఉంటే చాలు. ఆ గట్టు దాటగానే కన్ను కొత్త కొలతకు సిద్ధపడుతుంది. వరి మడులు చూసి పెరిగినవారికి ఈ చూపు సహజం.

కనుక కొలువు నేల కట్టడంలో నైపుణ్యం బొమ్మల ఎంపికలో కంటే గట్ల అమరికలో ఉంది. గట్లు లేని నేలలో క్రికెట్ ఆట, పెళ్లిపందిరి, రామరావణ యుద్ధం ఒకదానిమీద ఒకటి పడి అంగడి బల్లలా కనిపిస్తాయి. బజారులో సెట్లుగా దొరికే బొమ్మల వల్ల ఈ ప్రమాదం పెరిగింది. సెట్టు తనంతట తాను పూర్తి అయి వస్తుంది; దానిని నేలకు కలపవలసిన పని మిగలదు. దీనికి భిన్నంగా మాధవమాల వంటి చోట చెక్కిన కొయ్యబొమ్మ ఒంటరిగా వస్తుంది. తిరుపతిలో దొరికే చెక్కబొమ్మల జంట, అంటే మరపాచి దంపతులు, కూడా అంతే. ఎర్రచందనంతో చెక్కిన ఆ జంటకు ఏటేటా కొత్త బట్టలు కట్టి కొలువులో నిలపడం ఆచారం. శేషాచలం పరిసరాల్లో మాత్రమే సహజంగా పెరిగే ఆ చెట్టు 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. కొయ్య అరుదై, బొమ్మ ఇతర కర్రల్లోకి మారుతోంది. కొలువు కొండమీద నిలబెట్టే అడవి పొట్టుతో చేసినదే కావచ్చు. దాని పక్కన నిలిచిన బొమ్మ మాత్రం నిజంగా ఆ కొండదే. ఈ సామీప్యం మరే ప్రాంతపు కొలువుకూ లేదు.

6. మొలిచే నేల:

సూక్ష్మరూపాల గురించి 1984లో వెలువడిన ప్రసిద్ధ గ్రంథంలో సూసన్ స్టీవర్ట్, సూక్ష్మలోకం కాలాన్ని ఆపుతుందని, బొమ్మరిల్లు మార్పు సోకని అంతరంగమని ప్రతిపాదించింది. మోడల్ అభిరుచికి ఈ మాట బాగా సరిపోతుంది. అక్కడి గడ్డి నైలాన్ పోగులతో చేసినది, ఎండదు, పెరగదు. చెట్టు ఆకు రాల్చదు. రైలు తిరుగుతుంది గాని గడియారం తిరగదు.

కొలువు నేలకు ఇది సరిపోదు. ఆ నేల మొలుస్తుంది. పాడ్యమినాటికి మట్టిమీద విత్తనం చిట్లి ఉంటుంది. మూడవ నాటికి పచ్చని పొర. అయిదారు రోజులకు బొమ్మరైతు మోకాళ్లు మునుగుతాయి. నవమినాటికి మొలకలు వెలుతురువైపు వాలి, కొన్ని పసుపుబారి, బొమ్మల తలలు దాటిపోతాయి. మొదటిరోజు పైరుగా ఉన్నది చివరిరోజు అడవి. నిష్పత్తి ఎవరూ మార్చకుండానే తొమ్మిదిసార్లు మారింది. ఏ క్షణపు నిష్పత్తిని సరైనదిగా తీసుకోవాలి? ఒకే నిష్పత్తి నియమం ఇక్కడ తప్పడం కాదు, అసలు ప్రశ్నగానే నిలవదు.

ఈ మట్టికి, విత్తనానికి ఇక్కడ మరొక ప్రతిధ్వని ఉంది. తిరుమల వార్షిక బ్రహ్మోత్సవాలు ఇంచుమించు దసరా రోజుల్లోనే వస్తాయి. అధికమాసం వచ్చిన ఏడు రెండు బ్రహ్మోత్సవాలు జరిగితే రెండవది నవరాత్రులలోనిది. ఉత్సవాలకు ముందురాత్రి అంకురార్పణ. సేనాధిపతి విష్వక్సేనుడు ఊరేగి వెళ్లగా పుట్టమన్ను సేకరించి, పాలికలలో నవధాన్యాలు విత్తుతారు. ఆ మొలకలు ఉత్సవ సాఫల్యానికి సూచన. ఇంటి కొలువులోని ఆవాల మొలక ఆ ఆగమవిధి నుంచి దిగివచ్చిందని నిరూపించే ఆధారం లేదు, అవసరమూ లేదు. ఒకే రోజుల్లో కొండమీద ఆలయంలోనూ, కొండ కింది ఇళ్లలోనూ మట్టి తెచ్చి విత్తనం వేస్తున్నారనే వాస్తవం చాలు. కొండను చిన్నదిగా కట్టిన ఇంట్లో మొలక కూడా కొండమీది మొలకతో పాటు పెరుగుతుంది. కొలతలో కుదరని పోలిక కాలంలో కుదిరింది.

అందుకే సిద్ధంగా దొరికే ప్లాస్టిక్ పచ్చిక పట్టాలను పరచడం చిన్న మార్పు కాదు. దానిని తప్పుపట్టడానికి పర్యావరణవాదం అవసరం లేదు, శిల్పదృష్టి చాలు. నీరు చిలకరించే పని పోతుంది. రోజూ ఉదయం పిల్లలు వచ్చి ఎంత పెరిగిందో చూసే పని పోతుంది. తొమ్మిది రోజుల కృతి ఒక్కరోజు కృతి అవుతుంది. కొలువును మొదటిరోజే ఫొటో తీసి పంపే అలవాటు కూడా ఈ మార్పుకు తోడ్పడింది. ఫొటోలో మొలకకు, ప్లాస్టిక్‌కు పెద్ద తేడా కనిపించదు.

7. అభిరుచి ఎవరిది, ఆచారం ఎవరిది?

ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ ఇంటి నేలమీద ఆడే సూక్ష్మలోకపు ఆటల గురించి 1911లో, 1913లో రెండు పుస్తకాలు రాశాడు. కొయ్యపలకలతో దీవులు, సీసపు సైనికులతో యుద్ధాలు. నేటి సూక్ష్మ యుద్ధక్రీడలకు, వాటి భూదృశ్యాల తయారీకి వాటిని ఆదిగ్రంథాలుగా చెప్పుకుంటారు. తండ్రి, కొడుకులు నేలమీద కూర్చుని కొండలు కడితే అభిరుచి అయింది, గ్రంథస్థమైంది, నియమాలు ఏర్పరచుకుంది. తల్లి, కూతుళ్లు నేలమీద కూర్చుని కొండలు కడితే ఆచారం అయింది. ఆచారానికి కర్త ఉండడు. ఎవరు కట్టినా అది ‘మా ఇంటి కొలువు’. గత సంవత్సరం కంటే ఈ సంవత్సరం కొండ ఎందుకు ఎడమవైపుకు జరిగింది, చెరువుకు అద్దం బదులు పళ్లెంలో నీరు ఎందుకు వచ్చింది అని అడిగినవారు లేరు. ఇవి శిల్ప నిర్ణయాలు; అడిగితే జవాబులు ఉంటాయి.

బొమ్మల కొలువు అందరి ఇళ్ల ఆచారం కాదనే అభ్యంతరం న్యాయమైనదే. తరతరాల బొమ్మల పెట్టె, మెట్లకు చోటు ఉన్న ఇల్లు కొన్ని కులాలకు, కొంత స్థితికి పరిమితమైనవి. అయితే బొమ్మ కొనాలి, మట్టి కొననక్కరలేదు. పాఠశాల విజ్ఞాన ప్రదర్శనకు అట్టతో, థర్మాకోలుతో, రంపపు పొట్టుతో ఆనకట్ట నమూనా కట్టే విద్యార్థి చేసేది ఇదే పని. పరిశోధన కొలువు నేలను, ఆ పాఠశాల నమూనాను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆచారం అనే గడి దాటిన విశాలమైన భూదృశ్య కల్పన ఒకటి కనిపించే అవకాశం ఉంది. స్త్రీలకు, అన్ని కులాలకు వేదాంత, సంస్కృత విద్యను అందుబాటులోకి తెచ్చిన వ్యాసాశ్రమం ఉన్న ఊరిలో ఈ ప్రశ్న వేయడం అసందర్భం కాబోదు.

నాగార్జునకొండ లోయ జలాశయంలో మునిగే ముందు, 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపారు. ఇప్పుడు ద్వీపం మీది మ్యూజియంలో ఆ లోయ నమూనా ఉంది. నేల పోయింది, నమూనా మిగిలింది. ఏర్పేడు చుట్టుపక్కల నేల మునగడం లేదు గాని, రహదారులతో, పరిశ్రమలతో, విద్యాసంస్థల ప్రాంగణాలతో వేగంగా రూపు మారుతోంది. ఆ నేలను అక్కడివారు ఏటా తమ చేతులతో చిన్నదిగా కట్టి చూసుకుంటున్నారు. ఏ ఏడు ఏ చెరువును వదిలేశారు, ఏ ఏడు కొత్త భవనాన్ని ఒప్పుకున్నారు అనే వివరాలకు మించిన స్థానిక దస్తావేజు ఏముంటుంది? దానిని నమోదు చేయడానికి మ్యూజియం అక్కరలేదు. తొమ్మిది రోజులూ ఒకే చోటినుంచి తీసిన ఫొటోలు, కొలతలు, కట్టినవారి పేరు, వారి మాట చాలు. నమోదు చేసేవారు విజయదశమి సాయంత్రం వరకు ఉండాలి. ఆ రాత్రి ఒక బొమ్మను పడుకోబెడతారు. మరునాడు బొమ్మలు పాత చీరముక్కల్లో చుట్టుకుని పెట్టెలోకి పోతాయి, అద్దం తిరిగి గోడకు ఎక్కుతుంది, మట్టిని మొలకలతో సహా ఎత్తి తులసికోట మొదట్లో పోస్తారు.